రైఫిల్‌కి మజిల్ బ్రేక్ పెట్టించాక షూటింగ్ రేంజ్‌లో పక్కవాళ్లు మొహం మాడ్చుకుంటున్నారు, తీసేయాలా?

తీసేయక్కర్లేదు. కానీ వాళ్ల కోపంలో న్యాయం ఉంది. గొట్టం మూతికి ఆ చిల్లుల ముక్క బిగించాక మీ పెద్ద రైఫిల్ భుజాన్ని తన్నడం తగ్గిందని సంతోషపడుతున్నారు సరే, పక్క లేన్‌లో ఒకసారి కూచుని చూడండి, అప్పుడు తెలుస్తుంది.

నేను అనంతపురం దగ్గర పదిమందిమి కలిసి వాడుకునే రేంజ్‌లో కాలుస్తాను. ఆరు లేన్లు, పైన రేకులు. బ్రేక్ పెట్టించిన మొదటి ఆదివారం ఎవరికీ ఒక్క మాట చెప్పకుండా మధ్య లేన్‌లో కూచుని పేల్చేశాను. నాకైతే హాయిగా ఉంది, రైఫిల్ ఎగరలేదు, గుండు ఎక్కడ పడిందో గురి చూసే స్కోప్‌లోనే కనబడింది. పక్కన పాయింట్ టూటూ అనే చిన్న గుండు రైఫిల్‌తో పోటీకి ప్రాక్టీస్ చేసుకుంటున్న ఇంటర్ పిల్లోడు ఉలిక్కిపడి ట్రిగ్గర్ లాగేశాడు, వాడి గుండు పోయి మట్టికట్టలో దిగింది, స్కోరు కాగితం ఎగిరొచ్చి నా కాళ్ల దగ్గర పడింది. వాడేమీ అనలేదు గానీ వాళ్ల నాన్న లేచొచ్చి "ఇది రేంజా, తాడిపత్రి క్వారీనా సార్?" అన్నాడు. ఏం చెప్తాం, సారీ చెప్పాను.

బ్రేక్ చేసే పనే అది కదా, గుండు వెనకాల ముందుకు తోసుకొచ్చే గ్యాస్‌ని పక్కలకి, కొన్నిట్లో వెనక్కి కూడా మళ్లిస్తుంది. అందుకే మీకు తన్ను తగ్గుతుంది, పక్కవాడికి గాలి దెబ్బ, చప్పుడు పెరుగుతాయి. ఇలాంటి పెద్ద రైఫిల్ పేలుడు మామూలుగానే 150 డెసిబెల్స్ పైన ఉంటుంది, 140 దాటితే ఒక్క పేలుడుకే చెవి శాశ్వతంగా దెబ్బతినొచ్చు. పైన రేకులుంటే అది ఇంకా గుయ్యిమని తిరిగొస్తుంది.

ఇప్పుడు నేను చివరి లేన్ తప్ప వేరేది తీసుకోను. అది ఖాళీ లేకపోతే టీ తాగుతూ కూచుంటాను. సంచి విప్పకముందే అటూ ఇటూ ఉన్నవాళ్లకి "అన్నా, బ్రేక్ ఉన్న రైఫిల్, చెవులు గట్టిగా మూసుకోండి" అని చెప్తాను, వాళ్లు చేయి ఎత్తేదాకా మొదటి గుండు పోదు. లోపల ప్లగ్గులు, పైన ఇయర్ మఫ్‌లు, రెండూ పెట్టుకోవాలి. రెండు పెట్టినంత మాత్రాన రక్షణ రెట్టింపు కాదు, ఐదో పదో డెసిబెల్స్ అదనంగా తగ్గుతాయి, అయినా పెట్టుకోండి. నా సంచిలో ఎప్పుడూ అరడజను ఫోమ్ ప్లగ్గులు ఎక్కువే ఉంటాయి, చూడ్డానికి వచ్చినవాళ్ల దగ్గర ఏమీ ఉండవు కాబట్టి.

పడుకుని కాల్చేవాళ్లయితే దుమ్ము సంగతి కూడా చూసుకోవాలి. మన ఎర్రమట్టి ఎండాకాలంలో ఎలా ఉంటుందో మీకు చెప్పాలా? ఒక్క గుండుకే లేచి పక్కవాడి కళ్లల్లో, స్కోప్ అద్దం మీద పడుతుంది. గోతం ఒకటి తడిపి గొట్టం మూతి కింద పరిస్తే చాలా వరకు అణుగుతుంది. మధ్యాహ్నం ఎండకి పావుగంటలో ఆరిపోతుంది, పక్కన నీళ్ల బాటిల్ పెట్టుకోండి.

ఇంకోటి, పిల్లలు ప్రాక్టీస్ చేసే టైమ్‌లో నేను బ్రేక్ విప్పేసి, అది బిగించే గొట్టం చివరి థ్రెడ్ల మీద మూత బిగించి వస్తాను. పది గుండ్లకి భుజమేం ఊడిపోదు. కాకపోతే విప్పితే గుండు పడే చోటు మారుతుంది, మళ్లీ జీరో చేసుకోండి, అంటే గురిపెట్టిన చోటే గుండు పడేలా స్కోప్ సరిచేసుకోండి. నేను మర్చిపోయి ఒక పూటంతా స్కోప్‌ని తిట్టుకున్నాను.