పిన్నీ, బ్రెడ్డు పొంగి మళ్ళీ కూలబడింది!

ఈసారి వచ్చిన ఉత్తరాలు చదువుతుంటే నవ్వొచ్చింది. మొన్నటిదాకా చేపల పులుసు, అరిసెల పాకం అడిగినోళ్ళంతా ఇప్పుడు బ్రెడ్డు మీద పడ్డారు. ఎండాకాలం సెలవలు, ఇంటినిండా పిలకాయలు, చేతిలో ఫోను, ఇంకేముంది. కొన్నిటికి పొడుగ్గా చెప్పా, కొన్నిటికి రెండు ముక్కలే చెప్పా, ఏమనుకోబాకండి.

పిన్నీ, వీడియోలో చెప్పినట్టే అంతా కొలిచి చేశా. గంటన్నర పక్కన పెట్టమంటే గంటన్నరా పెట్టా. పిండి బ్రహ్మాండంగా ఉబ్బింది, తీరా ఓవెన్లో పెట్టంగానే కూలబడింది. కోస్తే కల్లు వాసన. ఈస్ట్ పాడైపోయిందంటారా?
– ఒక అమ్మాయి, కావలి

పాడవలేదు తల్లీ, అది చెయ్యాల్సిన దానికంటే ఎక్కువే చేసింది. ఆ వీడియో తీసినావిడ వంటింట్లో 22, 23 డిగ్రీలు ఉండుంటది, మే నెలలో కావలిలో మధ్యాహ్నం పూట నీ వంటింట్లో 36కి తక్కువుండదు, పక్కన పొయ్యి వెలుగుతుంటే ఇంకా పైనే. ఈస్ట్‌కి ఆ వేడంటే పండగ. పిండిలో ఉన్న చక్కెరంతా గబగబా తినేసి గ్యాసూ, దాంతోపాటు కాస్త ఆల్కహాలూ వదుల్తది, నీకొచ్చిన కల్లు వాసన అదే, కల్లు పులిసేదీ ఇదే పద్ధతిలో. గ్యాసు ఎక్కువైపోయి పిండిలోని జిగురు ఇక లాగలేనంత సాగిపోతే ఓవెన్ వేడి తగలంగానే బెలూన్లో గాలి పోయినట్టు కూలిపోతది.

అందుకని మన నెల్లూరు, ఒంగోలు ఎండల్లో గడియారం చూడబాకు, పిండిని చూడు. రెండింతలయిందా లేదా, అంతే లెక్క. అది ముప్పావు గంటకే అవ్వొచ్చు, మబ్బు పట్టిన రోజు గంట పట్టొచ్చు. ఇంకో గుర్తు, బ్రెడ్డు టిన్నులో పెట్టినాక వేలికి పిండి రాసుకోని మెల్లగా నొక్కు. గుంట టక్కున పైకొచ్చేస్తే ఇంకా ఆగాలి, నిదానంగా సగం పైకొచ్చి ఆగితే సరైన టైము, అసలు లేవకుండా అట్నే ఉండిపోతే చెయ్యి దాటింది. చెయ్యి దాటినా పారెయ్యబాకు, గాలంతా తీసేసి మళ్ళీ చుట్టి టిన్నులో పెట్టి ఇంకోసారి పొంగనివ్వు, ఒకసారికి ఈ పప్పులు ఉడుకుతాయి, రెండోసారి ఉడకవు.

నేను చేసే లెక్క ఇది. మైదా 250 గ్రాములు, అంటే ఇంట్లో కప్పుతో రెండు కప్పులు. ఇన్‌స్టంట్ ఈస్ట్ ఒక టీస్పూను, ఎండాకాలం అయితే అరస్పూను చాలు. ఉప్పు ముప్పావు స్పూను, చక్కెర ఒక పెద్ద స్పూను, వెన్న 20 గ్రాములు, నీళ్ళు 160 మిల్లీలీటర్ల చుట్టుపక్కల. ఎండాకాలం ఆ నీళ్ళు గోరువెచ్చగా కాదు, కుండలోని చల్లటి నీళ్ళే పోసుకో. చేతులకి అంటుకుంటాంది గదా అని మైదా మీద మైదా చల్లబాకు, పది నిమిషాలు పిసికితే అదే దారికొస్తది. చిన్న ముద్ద తీసుకోని వేళ్ళతో సాగదీస్తే చిరగకుండా పల్చటి పొరలాగా రావాలి, అవతల వేలు నీడ కనపడాలి. ఓవెన్ ముందే వేడిచేసి పెట్టుకోని 190 డిగ్రీల్లో 25 నుంచి 30 నిమిషాలు. టిన్నులోంచి తీసి అడుగున వేలితో కొడితే డొల్ల శబ్దం రావాలి. వేడిమీద కొయ్యబాకు, గంట ఆగు. లోపల తడి ఇంకా సర్దుకుంటా ఉంటది, అప్పుడే కోస్తే ముద్దముద్దగా వచ్చి ఉడకలేదనుకుంటావు.

అసలు ఈస్ట్ పాడైపోవడమంటే ఏందో నన్నడుగు. పెళ్ళైన కొత్తల్లో గొప్పకి పోయి కాగుతున్న పాలు తెచ్చి ఈస్ట్ మీద పోశా. 60 డిగ్రీల వేడి దగ్గరే అది చచ్చిపోతది, నేను పోసింది పొయ్యి మీంచి దించిన పాలు! మూడు గంటలు ఆగినా పిండి రాయిలాగా కదల్లేదు. మా అత్తయ్య ఒక్కమాట అనకుండా దాన్నే ఒత్తి పూరీలు కాల్చింది, మా మామయ్య బాగున్నాయని ఇంకో రెండు వేయించుకున్నాడు. ఆ పూరీల సంగతి ఇప్పటికీ ఇంట్లో పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ చెప్పుకుంటారు.

ఓవెన్ లేదు, కుక్కర్లో కేకు పెడితే అడుగు మాడుతోంది, పైన తెల్లగా పాలిపోయినట్టు ఉంటోంది. ఓవెన్ కొనాల్సిందేనా?
– ఇంకా కొనని గృహిణి, ఒంగోలు

కొనబాకండి, ఆగండి. మన అమ్మమ్మలకి ఏ ఓవెన్ ఉండేది చెప్పండి, దిబ్బరొట్టె కాల్చలేదా? మందపాటి బాండ్లిలో మినప్పిండి పోసి, కింద సెగ తగ్గించి, మూత మీద నాలుగు నిప్పులు వేసేవాళ్ళు. కిందా పైనా వేడి, ఓవెన్ అంటే అంతకుమించి ఏం లేదు. మీ కుక్కర్లో కింద మాత్రమే వేడుంది, పైన లేదు, అందుకే కింద మాడి పైన పాలిపోతాంది.

అడుగు మాడేది ఎందుకంటే టిన్ను అడుక్కి దగ్గరగా ఉండటం వల్ల. కుక్కర్లో ఒక అంగుళం లోపు మందాన ఉప్పు పరిచి, దాని మీద స్టాండు, స్టాండు మీద టిన్ను, టిన్ను పక్కలకి ఎక్కడా ఆనకూడదు. రబ్బరూ విజిలూ రెండూ తీసెయ్యాలి, ఇది మర్చిపోబాకండి, నీళ్ళు చుక్క కూడా పొయ్యకూడదు. మీడియం మంట మీద పది నిమిషాలు వేడెక్కినాక టిన్ను పెట్టి మంట బాగా సన్నం చేసి 40, 45 నిమిషాలు. మొదటి అరగంట మూత తీసి చూడబాకండి, చూస్తే మధ్యలో గుంట పడతది. నీళ్ళు లేకుండా కాల్చడంతో కుక్కరు పాడయ్యేమాట నిజం, అందుకే కొత్తది వాడబాకండి, పప్పుకి పనికిరాని పాతది దీనికి కేటాయించండి. నిజం చెప్పాలంటే మందపాటి ఇనప బాండ్లి, బరువైన మూత ఉంటే కుక్కరు కన్నా అదే నయం.

పైన రంగు మాత్రం కుక్కర్లో ఓవెన్లో వచ్చినట్టు రాదు, ఎవరు ఎన్ని చెప్పినా. బన్నులైతే ఉడికినాక వెన్న రాసి వేడి పెనం మీద ఒక్క నిమిషం తిరగేస్తే ఎర్రబడతాయి. కేకుకి తెలుపు ఉంటే ఉండనివ్వండి, పిలకాయలు చూసేలోపే అయిపోతది గదా.

మా వైపు సజ్జలు, జొన్నలు బాగా దొరుకుతాయి. సజ్జపిండితో బ్రెడ్డు చెయ్యొచ్చా? గోధుమపిండితో చేస్తే ఇటుకరాయిలాగా వచ్చింది.
– కనిగిరి నుంచి ఒక అన్న

ఒట్టి సజ్జపిండితో పొంగే బ్రెడ్డు రాదన్నా. సాగే జిగురు గోధుమలో ఉంటది, సజ్జలో, జొన్నలో అది లేదు, గ్యాసు పుట్టినా పట్టి ఆపేదేం ఉండదు. మైదా మూడు వంతులకి సజ్జపిండి ఒక వంతు కలిపితే రుచి బాగుంటది, అంతకి మించబాకండి. బెల్లంతో సజ్జ బిస్కెట్లు చేసుకోండి, అక్కడ పొంగే పనే లేదు కాబట్టి సజ్జపిండి దర్జాగా నిలబడతది.

గోధుమ రొట్టె అంటే నెల్లూరోళ్ళకి ముందు స్వర్ణాల చెరువు కాడ బారాషహీద్ దర్గా రొట్టెల పండగే గుర్తొస్తది. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె అని కోరికని బట్టి చేతులు మారేవి చపాతీలే, వాటికి పొంగే బాధ లేదు. బ్రెడ్డుకి మాత్రం గోధుమపిండిలో ఉండే పొట్టు ఆ జిగురుని కత్తిలాగా కోస్తది, పైగా నీళ్ళు ఎక్కువ తాగుద్ది. మైదాకంటే రెండు మూడు పెద్ద స్పూన్ల నీళ్ళు ఎక్కువ పోసి, కలిపి అరగంట ఊరికే వదిలేసి అప్పుడు పిసకండి. సగం మైదా కలిపితే ఇంకా తేలిక.

కార్తీకమాసంలో గుడ్డు లేకుండా కేకు చేశా. సబ్బు తిన్నట్టు ఉంది, లోపల పసుపుపచ్చగా మారింది. బేకింగ్ పౌడర్ లేక వంటసోడా వేశా, అదే కొలత.
– పేరు వద్దన్న వదిన, కందుకూరు

ఆ "అదే కొలత" కాడే మునిగారు వదినా. బేకింగ్ పౌడర్లో సోడాతోపాటు దానికి జోడీగా పులుపు పొడి కూడా కలిపి ఉంటది, వంటసోడా ఒంటరిది, పైగా మూడు నాలుగింతలు గట్టిది. పౌడర్ ఒక స్పూను వెయ్యాల్సిన చోట సోడా పావుస్పూను చాలు, దాంతోపాటు పులుపు ఉండాల్సిందే. పులుపు సరిపోకపోతే మిగిలిన సోడా అట్నే ఉండిపోయి సబ్బు రుచి, ఆ రంగూ.

పెరుగుతో చెయ్యండి. కప్పు పెరుగులో ముప్పావు కప్పు చక్కెర కరిగించి, పౌడర్ స్పూనుంపావు, సోడా అరస్పూను వేసి అయిదు నిమిషాలు ఆగితే నురగలాగా పొంగుద్ది. అప్పుడు అరకప్పు నూనె, జల్లించిన మైదా కప్పున్నర. మైదా వేసినాక గిలక్కొట్టకూడదు, బ్రెడ్డుకి కావాల్సిన జిగురే కేకుకి శత్రువు. ఉదయగిరి చెక్క గరిటె ఉంటే దాంతో కిందినుంచి పైకి నాలుగు తిప్పులు, పిండి కనపడకపోతే చాలు. 180లో 30, 35 నిమిషాలు. గూడూరు నిమ్మకాయ ఒకటి ఉంటే పైతొక్క సన్నగా తురిమి కలపండి, ఇల్లంతా వాసనే. రంగున్న పైపొర మాత్రమే సుమా, కింద తెల్లది చేదు.

బేకరీలో దొరికే కొబ్బరి బన్ను ఇంట్లో వస్తదా పిన్నీ? నేను చేస్తే లోపలంతా తడితడిగా అయింది.
– నెల్లూరు నుంచి ఇంటర్ చదివే పిల్ల

వస్తది, బేకరీ దానికంటే బాగా వస్తది. నీ తడికి కారణం పచ్చికొబ్బరి. ఒక చిప్ప కొబ్బరి తురుముని నాలుగు స్పూన్ల చక్కెర, స్పూను వెన్న వేసి బాండ్లిలో సన్న సెగ మీద తడి ఆరేదాకా వేయించు, ఎర్రగా అక్కర్లేదు, చేతికి అంటుకోకపోతే చాలు. దించి యాలకుల పొడి, టూటీఫ్రూటీ కలుపు. పూర్తిగా చల్లారినాకే పిండిలో పెట్టు, వేడిగా పెడితే పిండి జారిపోయి అడుగున చిల్లు పడి కొబ్బరంతా టిన్ను పాలవుద్ది. బెల్లం వెయ్యొచ్చా అంటావేమో, వెయ్యొచ్చు, పాకం గట్టిపడేదాకా ఉడికించాలి.

పిండి పైన కావలి అమ్మాయికి చెప్పిందే, నీళ్ళ బదులు చల్లటి పాలు, చక్కెర ఇంకో స్పూను ఎక్కువ. ఆరు ఉండలు చేసి ఒత్తి కొబ్బరి పెట్టి బొబ్బట్లకి మూసినట్టు అంచులు మూసెయ్యి, మూసిన వైపు కిందికి. పొంగినాక పైన పాలు రాసి 180లో 18, 20 నిమిషాలు. తీసిన వెంటనే వెన్న రాసి గుడ్డ కప్పితే పైపొర మెత్తబడుద్ది, బేకరీ మెత్తదనం అనుకునేదాంట్లో సగం ఇదే.

ఇంట్లో చేసిన బ్రెడ్డు బయటుంటే బూజు పడుతోంది, ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడుతోంది. మరెక్కడ పెట్టాలి?
– కొత్తపట్నం

సముద్రపు గాలి తేమకి బూజు రాక ఏమవుద్ది, మనం బూజు ఆపే మందులు కలపం గదా. ఫ్రిజ్ చలికి పిండిపదార్థం తొందరగా గట్టిపడుద్ది, బయటకంటే అక్కడే బ్రెడ్డు బిన్నా ముసలిదవుద్ది. రెండు రోజులకి సరిపడా బయట పెట్టుకోని మిగతాది ముక్కలు కోసి ఫ్రీజర్లో పెట్టండి, తీసి నేరుగా పెనం మీద వేడిచేస్తే సరి. గట్టిపడిన ముక్కలుంటే 130 డిగ్రీల్లో తడంతా పోయేదాకా నిదానంగా కాల్చండి, అవే రస్కులు.

నానఖటాయ్ బిస్కెట్లు చేశా. టైముకి తీస్తే మెత్తగా ఉన్నాయని ఇంకో పది నిమిషాలు పెట్టా, మాడిపోయాయి.
– ఆత్మకూరు

వేడి మీద అవి మెత్తగానే ఉంటాయి, నెయ్యి కరిగి ఉంటది గదా. అంచులు లేతగా ఎర్రబడంగానే తీసి ట్రేలోనే వదిలెయ్యండి, చల్లారేకొద్దీ గుల్లబారతాయి. ఇరవై నిమిషాలు ఎవర్నీ ముట్టుకోనివ్వబాకండి, మీ ఇంట్లో పిలకాయలు ఆగితే.