కుక్కతో బీచ్‌కా? అలల కంటే ముందు దాని నోటి మీద కన్నేయండి

ప్రశ్న: మా లాబ్రడార్‌కి రెండేళ్లు. దగ్గర్లో ఉన్న బీచ్‌కి మొదటిసారి తీసుకెళ్లాం. బంతి నీళ్లలోకి విసిరితే ఎన్నిసార్లయినా వెళ్లి తెచ్చింది, మహా హుషారుగా ఆడింది. ఇంటికొచ్చాక మాత్రం ఒకటే నీళ్లు తాగడం, రాత్రి వాంతులు, తెల్లారేసరికి నీళ్ల విరేచనాలు. తర్వాత దానంతట అదే తేరుకుంది. అది సముద్రం నీళ్లు తాగడం మాలో ఎవరూ చూడలేదు. మళ్లీ తీసుకెళ్లొచ్చా?

జవాబు: నిక్షేపంగా తీసుకెళ్లండి, ఆ బంతిని మాత్రం ఇంట్లో వదిలేయండి. అది వంగి నీళ్లు తాగడం మీరు చూసి ఉండరు, నిజమే. కానీ నీళ్ల మీద తేలే బంతిని పట్టాలంటే నోరు బార్లా తెరవాలి, తెరిచిన ప్రతిసారీ కాసిన్ని ఉప్పునీళ్లు లోపలికి పోతాయి, లాబ్రడార్‌కేమో ఇక చాలు అనడం చేతకాదు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అది పేగుల్లోకి చేరి ఒంట్లో నీటినంతా అక్కడికి లాగుతుంది కాబట్టే ఆ విరేచనాలు, ఆ దాహం.

అక్కడితో ఆగింది కాబట్టి సరిపోయింది. ఇంకా ఎక్కువ పోతే రక్తంలో సోడియం పెరిగి మెదడు కణాల్లోంచి కూడా నీరు బయటికి వచ్చేస్తుంది. కుక్క తాగినట్టు తూలుతుంది, వణుకుతుంది, పిలిచినా పలకదు, ఫిట్స్ వస్తాయి. ఇలాంటివి ఏ ఒక్కటి కనిపించినా ఇంట్లో కూర్చుని నీళ్లు పట్టిస్తూ చూద్దాంలే అనుకోకండి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. పెరిగిన సోడియం చాలాసేపు అలాగే ఉండిపోయాక దాన్ని గబగబా దించేస్తే మెదడు వాస్తుంది, అందుకే డాక్టర్లు రక్తపరీక్షలు చేసుకుంటూ సెలైన్ కొలిచి ఎక్కిస్తారు.

ఈసారి వెళ్లేటప్పుడు ఇంటి నుంచే ఒక గిన్నె, సీసాల్లో మంచినీళ్లు పట్టుకెళ్లండి. పావుగంటకోసారి ఆట ఆపి, నీడలో కూర్చోబెట్టి, కొద్దికొద్దిగా తాగించండి. దాహంతో ఉన్న కుక్కే అలల్లో మూతి పెడుతుంది. విసిరి ఆడించాల్సిందే అంటారా, పళ్లతో అంచు పట్టుకుంటే సరిపోయే పల్చటి బొమ్మ తీసుకెళ్లండి, గుండ్రటి బంతి వద్దు. తడి బంతితో ఇంకో తంటా ఉంది, దానికి అంటిన ఇసుక కూడా కడుపులోకి పోతుంది. ఎక్కువైతే పేగుల్లో ముద్దకట్టి అడ్డుపడుతుంది. వాంతులు ఆగకుండా అవుతూ, దొడ్డికి వెళ్లలేక, పొట్ట ముట్టుకోనివ్వకపోతే ఎక్స్‌రే తీయించాల్సిందే.

ప్రశ్న: మా కుక్క చాలా మంచిది, ఎవర్నీ ఏమీ అనదు. బీచ్‌లో బెల్టు తీసి వదిలితే జనం గొడవ పెడుతున్నారు. అంత ఖాళీ స్థలంలో కూడా కట్టేసుకుని తిరగాలా?

జవాబు: మంచిదని మీకు తెలుసు. ఎదురుగా వస్తున్న మూడేళ్ల పిల్లకి తెలియదు కదా! కుక్కలంటే హడలిపోయే పెద్దవాళ్లూ ఉంటారు, వాళ్ల సాయంత్రం పాడుచేసే హక్కు మనకి లేదు. అందుకని ముందు అక్కడి బోర్డు చదవండి. కొన్నిచోట్ల కుక్కల్ని అసలు రానివ్వరు, కొన్నిచోట్ల కొన్ని వేళల్లో, కొన్ని నెలల్లోనే రానిస్తారు. దానికి కారణం చాలాసార్లు మనుషులు కూడా కాదు. కొన్ని పక్షులు గూడు కట్టకుండా ఇసుక మీదే గుడ్లు పెడతాయి, తాబేళ్లు ఇసుకలో పాతిపెడతాయి. మీ కుక్క సరదాగా తవ్వినా వాటి సంతానం పోయినట్టే.

నన్నడిగితే బెల్టు అసలు దాని మేలుకే. ఒడ్డున ఏముంటుందో చూడండి. చచ్చిన చేపలు ఉంటాయి, వాటిలో బుడగలా ఉబ్బే చేప కూడా ఉండొచ్చు, అది చచ్చాక కూడా ప్రాణం తీసేంత విషం. కొట్టుకొచ్చిన జెల్లీఫిష్ కూడా ఎండిపోయినట్టే కనిపిస్తుంది గానీ దాని తీగలు ఇంకా కుడతాయి. కుడితే వట్టి చేత్తో పీకకండి, పుల్లతో తీసి సముద్రపు నీటితోనే కడగండి, మంచినీళ్లు పోస్తే మంట ఇంకా ఎక్కువవుతుంది. ఎర వాసనకి గాలం మింగేస్తే, నోట్లోంచి దారం వేలాడుతున్నా సరే లాగొద్దు, లాగితే కొక్కెం లోపల చీరేస్తుంది. దారం కురచగా కత్తిరించొద్దు కూడా, డాక్టరుకి అదే ఆధారం. పొడవాటి తాడు కట్టండి, దానికీ పరిగెత్తడానికి చోటుంటుంది, మీకూ అదుపుంటుంది. పెంట తీయడానికి కవర్లు మర్చిపోకండి, దీనికి వాదన లేదు.

ప్రశ్న: బాగా ఈత కొట్టిన మర్నాడు మా కుక్క తోక కర్రలా కొంత దూరం నిలబడి, అక్కడి నుంచి కిందికి వేలాడుతోంది. ముట్టుకుంటే అరుస్తోంది. విరిగిందా?

జవాబు: దెబ్బ తగలకపోతే విరిగి ఉండదు. ఈతలో తోకని చుక్కానిలా వాడి వాడి తోక మొదలు దగ్గరి కండరాలు పట్టేస్తాయి, చల్లటి నీళ్లయితే మరీను. సాధారణంగా కొన్ని రోజుల విశ్రాంతితో తగ్గిపోతుంది. అయినా ఒకసారి చూపించండి, నొప్పి మాత్ర కావాలా వద్దా డాక్టరే చెప్తారు. మన ఇంట్లో ఉండే ఐబుప్రోఫెన్ మాత్రం వేయొద్దు, కుక్కల కడుపులో పుళ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి.

ప్రశ్న: మాది పగ్. ఎండ పడదని తెలుసు, అందుకే టెన్షన్. బీచ్ ఆశ వదులుకోవాల్సిందేనా?

జవాబు: వదులుకోనక్కర్లేదు, వేళ చూసుకోండి. కుక్క ఒంటి వేడి ఎక్కువగా రొప్పడంతోనే తగ్గాలి, చప్పిడి ముక్కుకి ఆ పనే సరిగ్గా చేతకాదు. తెల్లవారుజామున గానీ పొద్దుగూకాక గానీ వెళ్లండి. అరచేతి వెనకవైపు ఇసుకకి ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టండి, మీరు ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు. వీటిలో చాలావాటికి ఈత రాదు, లైఫ్ జాకెట్ లేకుండా మోకాలి లోతు కూడా వద్దు. నాలుక ఎర్రబడి, చొల్లు చిక్కబడి, రొప్పు ఆగకపోతే అక్కడే ఒళ్లంతా చల్లటి నీళ్లు పోసి, విసురుతూ ఆస్పత్రికి బయల్దేరండి. తడి తువ్వాలు కప్పి ఉంచొద్దు, వేడి లోపలే నిలిచిపోతుంది. అంతా బాగా జరిగితే ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడిగి, చెవులు, వేళ్ల సందులు, మూతి ముడతలు పొడిగా తుడవండి. పగ్‌కి ఆ ముడతల్లోనే ఉప్పు, ఇసుక చేరి పుండు పడుతుంది.