కోపం పోదు, కాస్త ముందుగా దొరుకుతుంది

చిన్న మాటకే కోపం, టెన్షన్ వచ్చేస్తున్నాయని, మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణంలో జరిగేదాని మీద ధ్యాస ఉంచే సాధన) ప్రయత్నిద్దామని కళ్లు మూసుకుంటే ఆలోచనలు తగ్గకపోగా ఇంకా ముసురుకుంటున్నాయని రాశారు. ఇది అసలు మీకు పడుతుందా అని అడిగారు. కొన్నేళ్లుగా చేస్తున్నాను కాబట్టి నా అనుభవంలోంచే చెబుతాను.

ముందు ఆలోచనల సంగతి. అవి కొత్తగా పుట్టుకొచ్చినవి కావు. ఇంతకాలం పని, ఫోన్ హోరులో మీకు వినబడలేదంతే. 2010లో కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ అనే హార్వర్డ్ పరిశోధకులు 2,250 మందిని రోజులో ఉన్నట్టుండి ఫోన్ ద్వారా పలకరించి, ఇప్పుడేం చేస్తున్నారు, మనసెక్కడుంది అని అడిగారు. దాదాపు 47 శాతం సార్లు మనసు చేతిలో ఉన్న పని మీద లేదు. అంటే మీ ఒక్కరి గోల కాదు, అందరిదీ ఇంతే. పోనీ ఆలోచనలు రాకూడదని బిగపట్టుకుందామా అంటే అదీ కుదరదు. 1987లో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వవేత్త కొందరికి తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దని చెప్పి చూశాడు. పాపం, వాళ్లకు అదే పదేపదే గుర్తొచ్చింది. అందుకని మనసు ఖాళీ కావాలని కూర్చోకండి. ఊపిరి మీద ధ్యాస పెట్టడం, అది ఎటో పోయిందని తెలిసినప్పుడు తిట్టుకోకుండా మళ్లీ తీసుకురావడం. కసరత్తంతా ఆ వెనక్కి తీసుకురావడంలోనే ఉంది. వందసార్లు పోతే వందసార్లూ సాధన జరిగినట్టే.

ఇక కోపం. మా అన్నయ్యతో ఫోన్లో మాట్లాడుతుంటే ఎక్కడో ఒకచోట "నీకేం తెలుసులే" అంటాడు. ఆ ముక్క చాలు నాకు. ఆ తర్వాత నేనేం మాట్లాడతానో నాకే తెలిసేది కాదు. సాధన మొదలుపెట్టాక కొంతకాలానికి ఒకటి గమనించాను. మాట పైకి రాకముందే నా చెవులు వేడెక్కుతాయి. తర్వాత దవడ బిగుస్తుంది, ఫోన్ పట్టుకున్న వేళ్లు గట్టిపడతాయి. మాట వచ్చేది వీటన్నిటి తర్వాతే. ఆ కాస్త వ్యవధి ఉందని అంతకుముందు నాకు తెలియదు.

ఒకసారి అలా చెవులు వేడెక్కగానే ఏమీ అనకుండా ఊపిరి నెమ్మదిగా వదిలి, లోపల "కోపం వస్తోంది" అనుకున్నాను. ఇంకో ఊపిరికి దాని కింద వేరే ఏదో ఉందని తెలిసింది. చిన్నబుచ్చుకోవడం. "అన్నయ్యా, ఆ మాట అన్నప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది" అన్నాను. గొంతు వణికింది, ప్రశాంతత గిశాంతత ఏమీ లేదు. అవతల కాసేపు నిశ్శబ్దం, తర్వాత వేరే సంగతి ఎత్తాడు. ఇప్పటికీ అప్పుడప్పుడు ఆ మాట అంటూనే ఉంటాడు, నా చెవులూ వేడెక్కుతూనే ఉంటాయి. కానీ నాకు కావలసింది అరవకుండా అడగడం వచ్చింది. వ్యక్తిగతంగా ఎదగడం అంటారు చూడండి, నా మటుకు ఇంతకు మించి పెద్దగా ఏమీ లేదు.

వచ్చిన భావానికి పేరు పెట్టడం ఉత్త మాట కాదు. 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం మెదడు స్కాన్లతో చేసిన పరిశోధనలో, కోపమో భయమో నిండిన ముఖాల ఫొటోలు చూపించి ఆ భావానికి పేరు చెప్పమంటే, ముప్పును పసిగట్టే అమిగ్డలా భాగంలో చురుకు తగ్గింది. మీరూ "మూడ్ బాలేదు" దగ్గర ఆగకండి. ఈర్ష్యా, అవమానమా, అలసటా, ఒట్టి ఆకలా? చాలాసార్లు ఆకలే!

ఎంతసేపు అంటే, పొద్దున ఓ పది నిమిషాలు కూర్చుంటే చాలు. అది కూడా కష్టమైతే రోజూ చేసే పని ఒకటి ఎంచుకోండి. స్నానమో, గిన్నెలు కడగడమో. నీళ్ల తాకిడి, చప్పుడు, చేతుల కదలిక మీద ధ్యాస ఉంచితే చాలు. నాకైతే కూర్చోవడం కన్నా ఇదే ఎక్కువ పనికొచ్చింది. యాప్‌లకు డబ్బు కట్టనక్కర్లేదు.

దీన్ని సర్వరోగ నివారిణిలా అమ్మేవాళ్లను నమ్మకండి. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్ జిన్ మొదలుపెట్టిన మైండ్‌ఫుల్‌నెస్ కోర్సుకు దీర్ఘకాలపు నొప్పులతో బాధపడేవాళ్లు చాలామంది వచ్చేవారు. నొప్పిని మాయం చేస్తామని కాదు, నొప్పితో ఎలా మెలగాలో నేర్పుతామనే ఆయన చెప్పింది. 2014లో ధ్యానం మీద జరిగిన 47 ప్రయోగాలను కలిపి చూసిన సమీక్షలోనూ ఆందోళన, డిప్రెషన్, నొప్పి విషయంలో ఓ మోస్తరు మేలే కనిపించింది. మందులు, వ్యాయామం వంటివాటి కన్నా ఇది మెరుగని తేలలేదు. మీకు నడక హాయిగా ఉంటే నడవండి, నష్టం లేదు. ఇంకో మాట. మోయలేనంత పని నెత్తిన పెట్టి "ఊపిరి గమనించుకోండి" అని క్లాసు పెట్టించే ఆఫీసులున్నాయి. అక్కడ తగ్గాల్సింది పని. సహించకూడనిదాన్ని సహించడానికి ఈ సాధనను వాడకండి.

చివరగా, కళ్లు మూసుకుంటే ఆలోచనలు రావడం వేరు, గుండె దడ, పాత భయంకరమైన ఘటనలు కళ్ల ముందు ఆడటం వేరు. మీకు రెండోది జరుగుతుంటే పట్టుబట్టి కూర్చోకండి. కళ్లు తెరిచి, పాదాలు నేలకు ఆనించి, ఎదురుగా కనిపించే వస్తువులను ఒక్కొక్కటిగా చూడండి. మళ్లీ మళ్లీ అవుతుంటే సైకాలజిస్టునో సైకియాట్రిస్టునో కలవండి. ఈ సాధన చేస్తున్న సంగతి కూడా చెప్పండి, ఏది ఆపాలో ఏది ఉంచుకోవచ్చో వాళ్లే చూసి చెబుతారు.