పాత వ్యాన్ వెనక ట్రైలర్ కట్టే ముందు ఒక్కసారి బండి కింద పడుకుని చూడండి

మీరు అడిగింది ఇదీ: 2011 మోడల్ టాటా వింజర్ ఉంది, ఇంజిన్ కండిషన్ బాగుంది, ఖాళీగా 620 కిలోలుండే రెండు పడకల చిన్న ట్రైలర్ కొన్నారు, రాజోలు నుంచి అమ్మానాన్నల్ని అరకు తీసుకెళ్ళాలి. హిచ్ (ట్రైలర్‌ని తగిలించడానికి వ్యాన్ వెనక బిగించే కొక్కెం) పెట్టించి, ఇంజిన్ ఆయిల్ మార్పిస్తే సరిపోతుందా అని.

సరిపోదండి. కానీ బండి మార్చాల్సిన పని కూడా లేదు. మాది పాలకొల్లు పక్కన పల్లెటూరు. మోకాళ్ళ ఆపరేషన్ అయ్యాక మా అమ్మ ప్రయాణాలే మానేసింది. దారిలో బాత్రూమ్‌కి ఎక్కడికి వెళ్ళాలా అన్నదే ఆవిడ దిగులు. ఆవిడ కోసమే కమోడ్ ఉన్న చిన్న ట్రైలర్ కట్టించి, మీలాంటి పాత డీజిల్ వ్యాన్‌తోనే నాలుగేళ్ళుగా లాగుతున్నాను. ఈ నాలుగేళ్ళలో ఇంజిన్ నన్ను ఒక్కసారీ ఇబ్బంది పెట్టలేదు. ఇబ్బంది పెట్టినవన్నీ బండి అడుగున, ట్రైలర్ ముక్కు దగ్గర ఉన్నవే. అందుకే ముందు వాటి గురించి చెప్తాను.

మొదటిది తుప్పు. మన వైపు బండ్లకి ఇది పెద్ద జబ్బు. సముద్రపు గాలి ఒకటి, వానాకాలంలో రోడ్డు మీద నిలిచే నీళ్ళు ఒకటి, వీటికి తోడు రొయ్యల బండ్లు దారి పొడవునా కార్చుకుంటూ పోయే ఉప్పు నీళ్ళు. మీరు వ్యాన్‌ని సెకండ్ హ్యాండ్‌లో కొని ఉంటే పాత ఓనరు దాంట్లో ఏం వేసేవాడో కనుక్కోండి. నా వ్యాన్ అంతకుముందు రొయ్యల ట్రేలు మోసింది. కొన్నప్పుడు ఆ సంగతి నాకు తెలియదు. పైన రంగు నిగనిగలాడుతూ ఉంది. ఒక ఆదివారం వెనక మ్యాట్ లేపితే, కింద రేకు చెమ్మ తగిలిన అప్పడంలా ఉంది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే దిగిపోయింది.

అప్పటికే అదే రేకుకి హిచ్ వెల్డింగ్ చేయించి ఉన్నాను. మా దగ్గర ఒక షాపులో చేయించాను. ట్రాక్టర్ ట్రక్కులకి చాలా బాగా చేస్తారు, కానీ వ్యాన్ సంగతి వేరు. మూడు నెలలకి బ్రేకు వేసినప్పుడల్లా వెనక నుంచి 'టక్' మని శబ్దం రావడం మొదలైంది. ఏదో సామాను దొర్లుతోందనుకున్నాను. చివరికి కింద పడుకుని టార్చి వేసి చూస్తే, వెల్డింగ్ అతుకు చెక్కుచెదరలేదు గానీ దాని చుట్టూ ఉన్న రేకు నెలవంక ఆకారంలో బెజ్జం పడి చీలిపోయి ఉంది. మరో రెండు ట్రిప్పులు తిరిగి ఉంటే ట్రైలర్ రోడ్డు మీద విడిపోయేది. ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు.

విషయం ఏంటంటే, వింజర్‌కి లారీకి ఉన్నట్టు విడిగా చాసిస్ ఫ్రేము ఉండదు. బాడీ, అడుగుభాగం అంతా ఒకటే కట్టు. రేకుకి అతికిస్తే బరువంతా ఆ ఒక్క చోట పడుతుంది. అడుగున ముందు నుంచి వెనక్కి పోయే రెండు గట్టి పెట్టె పట్టీలు ఉంటాయి, హిచ్‌ని వాటికే బిగించాలి. వెల్డింగ్ వద్దు, హై టెన్సైల్ బోల్టులు వాడండి. బోల్టు తల కింద అరచేయంత వెడల్పున మందపాటి ఇనుప ప్లేటు వేస్తే బరువు పరుచుకుంటుంది. బెజ్జం వేసిన చోటల్లా ప్రైమర్ కొట్టించండి, లేకపోతే ఆ బెజ్జం నుంచే కొత్త తుప్పు మొదలవుతుంది. ఆ పట్టీల్లోనే స్క్రూడ్రైవర్ దిగితే మాత్రం ఆ బండితో ట్రైలర్ లాగొద్దు. ఇందులో మొహమాటపడకండి, వెనక సీట్లో కూర్చునేది మీ అమ్మానాన్నలు.

హిచ్ చివర ఉండే ఇనుప గుండు, అంటే బాల్, దాని సైజు కూడా సరిచూడండి. 50 ఎంఎం బాల్, రెండంగుళాల బాల్ చూడ్డానికి ఒకటే. కానీ రెండంగుళాలంటే 50.8 ఎంఎం. కప్లర్ (ట్రైలర్ ముక్కున బాల్ మీద కూర్చునే గిన్నె లాంటి భాగం) మీద ఏ సైజు కొట్టి ఉంటే అదే పెట్టాలి. బాల్‌తో పాటు రెండు గొలుసులు ఉండాలి, కప్లర్ కింద ఒకదాని మీద ఒకటి అడ్డంగా వచ్చేలా తగిలించాలి. బాల్ ఊడినా ముక్కు రోడ్డుకి గుచ్చుకోకుండా ఆ గొలుసుల ఊయలలో పడుతుంది.

ఇక బరువు. ఖాళీగా 620 అన్నారు. దాంట్లో వంద లీటర్ల నీళ్ళు పోస్తే వంద కిలోలు. ఇన్వర్టర్ బ్యాటరీ ఒక 55. నిండు గ్యాస్ సిలిండర్ ముప్పై దగ్గర. పరుపులు, స్టవ్వు, గిన్నెలు, కుర్చీలు కలిపి డెబ్భై. బట్టలు, బియ్యం, ఆవకాయ జాడీలతో సహా ఇంకో 45. మొత్తం 920 అయింది. కంపెనీ పుస్తకంలో ఎంత బరువు లాగవచ్చో రాసి ఉంటే అదే హద్దు. రాయకపోతే ట్రైలర్ నిండు బరువు వ్యాన్ ఖాళీ బరువులో సగం దాటకుండా చూసుకోవడం మంచిదని నా అభిప్రాయం. అందుకే నేను నీళ్ళ ట్యాంకు ఖాళీగా తీసుకెళ్తాను, దిగిన ఊళ్ళో నింపుతాను. ఒక్క దెబ్బకి వంద కిలోలు తగ్గాయి. లెక్కల మీద ఆధారపడకుండా సామానంతా సర్దాక రైస్ మిల్లు దగ్గర వేబ్రిడ్జి ఎక్కించి చీటీ తీసుకోండి. ట్రైలర్ ఒక్కదాన్నీ ఓసారి, వ్యాన్‌ని మనుషులతో సహా ఓసారి.

మొత్తం బరువు కన్నా ముఖ్యమైనది ముక్కు బరువు, అంటే బాల్ మీద ఎంత పడుతోంది అన్నది. ట్రైలర్ బరువులో పదో వంతుకి అటూ ఇటూగా ఉండాలి. కొలవడం తేలికే. ఇంట్లో మనుషుల బరువు చూసుకునే మెషిన్ మీద బాల్ ఎత్తుకి సరిపడా చెక్క దుంగ నిలబెట్టి, దాని మీద కప్లర్ దించితే అంకె కనిపిస్తుంది. తక్కువ వస్తే సామాను ఇరుసు ముందుకి జరపాలి, మరీ ఎక్కువ వస్తే వెనక్కి.

ఇది నాకు సిద్ధాంతం అనే ఊరి దగ్గర గోదావరి వంతెన మీద తెలిసింది. రావులపాలెం నుంచి తిరిగొస్తున్నాం. మా మావయ్యగారు ప్రేమగా రెండు బస్తాల కొబ్బరికాయలు ఇచ్చారు, వంద కిలోలకి తక్కువ ఉండవు. ఎక్కడా చోటు లేక ట్రైలర్ వెనక తలుపు దగ్గర పడేశాం. వంతెన మీద వశిష్ఠ గోదావరి గాలి పక్కనుంచి కొడుతోంది, నేను 70లో ఉన్నాను. ఒక కంటైనర్ లారీ నన్ను దాటింది. అది దాటిన మరుక్షణం ట్రైలర్ ఎడమకి ఒక ఊపు, కుడికి ఇంకా పెద్ద ఊపు. స్టీరింగ్ నా చేతిలోనే ఉంది గానీ బండి నా మాట వినడం లేదు. బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటర్ వదిలేసి, స్టీరింగ్ నిటారుగా పట్టుకున్నాను. 50కి దిగాక ఊగడం ఆగింది. వంతెన దిగి పక్కన ఆపాక చూస్తే అమ్మ చేతులు వణుకుతున్నాయి. బస్తాలు తీసి ఇరుసుకి కాస్త ముందు పెట్టాం. అంతే, ఇంటిదాకా ట్రైలర్ కదిలితే ఒట్టు. వెనక బరువెక్కితే ముక్కు తేలిపోతుంది, తేలిన ముక్కు బండిని తోకలా ఆడిస్తుంది. అలా ఊగేటప్పుడు బ్రేకు గట్టిగా తొక్కినా, స్టీరింగ్‌తో సరిచేయబోయినా ఊపు పెరుగుతుంది. ఇది మీ ఇంట్లో డ్రైవింగ్ చేసే అందరికీ చెప్పి ఉంచండి.

అలాగని ముక్కు మీద మరీ బరువు వేసినా కష్టమే. వింజర్‌కి ముందు చక్రాలు లాగుతాయి. వెనక కొసన తొంభై కిలోలు వేలాడదీస్తేనే ముందు చక్రాల మీద నుంచి ముప్పై కిలోలైనా లేచిపోతాయి. అంతకు మించితే తడి బురద మీద ముందు చక్రాలు ఊరికే తిరుగుతాయి. వెనక కమాన్ కట్టలు అలసిపోయి ఉంటే తోక కుంగి, హెడ్‌లైట్లు ఎదుటివాళ్ళ కళ్ళల్లో కొడతాయి. సరుకు వేసి, మనుషుల్ని ఎక్కించి, ట్రైలర్ తగిలించి పక్కనుంచి చూడండి. వ్యాన్ దాదాపు సమంగా నిలబడాలి.

బ్రేకుల విషయంలో నేను కాస్త గట్టిగానే చెప్తాను. యూరప్‌లో నిండు బరువు 750 కిలోలు దాటే ట్రైలర్‌కి సొంత బ్రేకు ఉండి తీరాలి. మీది దాటుతుంది. ట్రైలర్ ముందుకి నెట్టినప్పుడు తనంతట తానే పట్టే ఓవర్‌రన్ బ్రేకు ఉంటే దాని కేబుల్, లైనింగ్ చూపించండి. లేకపోతే పెట్టించాకే ఘాటు ఎక్కండి. వ్యాన్ వైపు వెనక డ్రమ్ములు విప్పించి లైనింగ్, వీల్ సిలిండర్ లీకేజీ చూడాలి. బ్రేక్ ఆయిల్ మొత్తం మార్పించండి. అది గాలిలో చెమ్మ పీల్చుకుంటుంది, మన దగ్గర చెమ్మకి కొదవలేదు. చెమ్మ పీల్చిన ఆయిల్ ఘాటు దిగుతున్నప్పుడు వేడికి మరిగి ఆవిరి బుడగలు కడుతుంది, అప్పుడు పెడల్ మెత్తగా నేలకి పోతుంది. అరకు దారిలో అనంతగిరి ఘాటు దిగేటప్పుడు అలా జరగకూడదు. దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కుతారో దాదాపు అదే గేరులో దిగండి, రెండో గేరైనా సిగ్గుపడకండి.

డెల్టా నేల పళ్ళెంలా చదును కాబట్టి ఇక్కడ ఏ బండైనా బాగున్నట్టే ఉంటుంది. క్లచ్ జారుతోందో లేదో, రేడియేటర్ సగం పూడిపోయిందో లేదో ఇక్కడ తెలియదు. అందుకని ముందుగా చించినాడ వంతెన ఎక్కుడులో పరీక్ష పెట్టుకోండి. లోడుతో నాలుగో గేరులో యాక్సిలరేటర్ నొక్కితే ఇంజిన్ గోల పెరిగి వేగం పెరగలేదంటే క్లచ్ పని అయిపోయినట్టే.

రేడియేటర్ గురించి ఇంకో మాట. మన డ్రైవర్లు ఎక్కడ చూస్తే అక్కడ బోరు నీళ్ళు పోసేస్తారు. మన తీరంలో బోరు నీళ్ళు చాలా చోట్ల ఉప్పన. లోపల గొట్టాల్లో పాలు మాడినట్టు తెల్లటి చెక్కు కడుతుంది. నాది విప్పితే మెకానిక్ చిన్న తీగ పెట్టి చూపించాడు, ప్రతి మూడు గొట్టాల్లో ఒకటి పూర్తిగా మూసుకుపోయి ఉంది. కడిగించి, కొత్త కూలెంట్‌ని డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలిపి పోయించండి. క్యాప్, హోసు పైపులు, థర్మోస్టాట్ ఎలాగూ మార్చేయండి, పెద్ద ఖర్చు కాదు.

వైరింగ్ విషయంలో వ్యాన్ టెయిల్ లైట్ వైర్లు కోసి అతికించవద్దు. విడిగా ఫ్యూజు, రిలే పెట్టించండి. ఎర్త్ వైరు గట్టిగా ఉండాలి. ఇండికేటర్ వేస్తే బ్రేక్ లైటు కూడా మిణుకుమంటోందంటే ఎర్త్ పోయినట్టు. ట్రైలర్ లైట్ల వైరు తగిలించే ఏడు పిన్నుల సాకెట్ మన గాలికి ఆరు నెలల్లో పచ్చగా చిలుము పడుతుంది, గ్రీజు రాసి మూత వేసి ఉంచండి.

టైర్ల పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది. 2319 అంటే 2019లో ఇరవై మూడో వారం. ట్రైలర్ టైర్లు అరగకుండానే ముసలివైపోతాయి కాబట్టి గీతల లోతు కన్నా తేదీ, పక్కన పగుళ్ళు చూడండి. బేరింగులకి గ్రీజు పెట్టించి, మొదటి యాభై కిలోమీటర్ల తర్వాత ఆపి చక్రం మధ్యనుండే హబ్బు ముట్టుకోండి. వెచ్చగా ఉంటే పర్వాలేదు. చెయ్యి పెట్టలేకపోతే మాత్రం అక్కడే ఆగిపోండి.

కాగితాల సంగతి క్లుప్తంగా. ట్రైలర్‌కి విడిగా రిజిస్ట్రేషన్, నంబరు ఉండాలి. మీ వ్యాన్ తెల్ల నంబరు ప్లేటుదైతే 2026తో 15 ఏళ్ళు నిండుతాయి, తర్వాత ఐదేళ్ళకి రెన్యూవల్ చేయించుకోవాలి. హిచ్ పెట్టే ముందే ఆర్టీవో ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ళ దగ్గర అడిగి రాతలో తీసుకోండి. నడిచేటప్పుడు ట్రైలర్‌లో ఎవరూ పడుకోకూడదు, అమ్మగారు అలసిపోయినా సరే.

రివర్సు నేర్చుకోకుండా మాత్రం బయల్దేరకండి. కాలవ గట్ల మీద ఎదురుగా గడ్డి ట్రాక్టర్ వస్తే మీరే వెనక్కి రావాలి. నాకు నేర్పింది మా ఊరి ట్రాక్టర్ డ్రైవరు. కోతలయ్యాక ఖాళీ చేలో రెండు సాయంత్రాలు పక్కన కూర్చుని చెప్పాడు. నేను స్టీరింగ్ తెగ తిప్పేస్తుంటే, "ఆయ్, అంత తిప్పకండి. చెయ్యి స్టీరింగ్ కింద పెట్టుకోండి. ట్రైలర్ తోక ఎటు పోవాలో చెయ్యి అటు జరపండి, కొంచెమే" అన్నాడు. ఆ ఒక్క ముక్కతో సగం వచ్చేసింది. మీ ఊళ్ళో కూడా ఇది బాగా తెలిసినవాళ్ళు ట్రాక్టర్ వాళ్ళే, అడగండి, సంతోషంగా చెప్తారు.

ఇంకొకటి, నరసాపురం వైపు పని పడితే సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లని గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కించాలని అనుకోవద్దు. నేను ఒకసారి ప్రయత్నించాను. వాలు దిగి పంటు పలక ఎక్కేచోట వ్యాన్ ముక్కు పైకి లేచింది, తోక కిందికి దిగింది, హిచ్ నేలకి రాసుకుని గొలుసు కొక్కెం ఒకటి వంగిపోయింది. తడిసిన పలక మీద ముందు చక్రాలు గిరగిరా తిరిగాయి. పంటు వాళ్ళూ, నలుగురు ప్రయాణికులూ వెనక నుంచి తోస్తే గానీ ఎక్కలేదు. చించినాడ మీదుగా చుట్టూ తిరిగినా మేలే.

అరకుకి ముందు రెండు చిన్న ట్రిప్పులు పెట్టుకోండి. మొదట దిండి దాకా, ఆ తర్వాత యానాం వెళ్ళి ఓ రాత్రి ఉండి రండి. తిరిగొచ్చాక హిచ్ బోల్టులు మళ్ళీ బిగించండి. కొత్తగా పెట్టినవి మొదటి వంద కిలోమీటర్లలో కాస్త వదులవుతాయి, నావి ముప్పావు తిప్పు తిరిగాయి.