టెక్ సందేహాలు: గ్రో లైట్ కొనేముందు డ్రైవర్ చూడండి

ప్రశ్న: మాది కడియం దగ్గర చిన్న నర్సరీ అండి. ముసురు పట్టిన రోజుల్లో నారు సన్నగా సాగిపోతోందని గదిలో ర్యాకులు కట్టించి, రెండు ఎల్‌ఈడీ గ్రో లైట్లు ఆన్‌లైన్‌లో తెప్పించాను. రోజుకు 14 గంటలు వేస్తున్నాం. పెట్టె మీద 50,000 గంటలు అని రాసుంది. ఎనిమిది నెలలకే ఒకటి ఆరిపోయింది. రెండోది వెలుగుతోంది గానీ కాంతి తగ్గినట్టుంది. బాగు చేయించుకోవచ్చా, కొత్తవి కొనాల్సిందేనా?

జవాబు: మీ వాడకానికి 50,000 గంటలంటే దాదాపు 9 ఏళ్ల 9 నెలలు. మీ లైటు నడిచింది సుమారు 3,400 గంటలు. ఇంత తేడా ఎందుకొచ్చిందంటే, పెట్టె మీద వేసే ఆ అంకె సాధారణంగా చిప్పుల (లైటులో వెలుగునిచ్చే చిన్న ఎల్‌ఈడీ బిళ్లల) గురించి మాత్రమే చెబుతుంది. చిప్పుల్ని ల్యాబులో వేల గంటలు వెలిగించి కాంతి ఎంత తగ్గుతోందో కొలుస్తారు. ఆ పరీక్షను ఎల్‌ఎం-80 అంటారు. దాన్నిబట్టి ఆయుష్షు అంచనా కట్టే పద్ధతి టీఎం-21. దాని నియమం ప్రకారం పరీక్షించిన గంటలకు ఆరు రెట్లు మించి చెప్పకూడదు. 6,000 గంటలు పరీక్షిస్తే గరిష్ఠంగా 36,000 అన్నమాట. ఇంకో మెలిక కూడా ఉంది. ఇళ్లలో వాడే లైట్లకు చెప్పే ఎల్70 అంకె, కాంతి 70 శాతానికి పడిపోయేదాకా పట్టే సమయం. హాల్లో 30 శాతం కాంతి తగ్గినా మన కళ్లు సర్దుకుంటాయి. నారు సర్దుకోదు. అందుకే మొక్కల లైట్లకు ఎల్90, అంటే కాంతి 90 శాతానికి తగ్గేదాకా పట్టే సమయం ఎంతో అడిగి తీసుకోవాలి.

ఆరిపోయిన లైటులో చిప్పులకన్నా ముందు డ్రైవర్ పోయి ఉండే అవకాశమే ఎక్కువ. ఇంట్లోకి వచ్చే 230 వోల్టుల కరెంటును చిప్పులకు సరిపడేలా మార్చే చిన్న పెట్టె అది. అందులో ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు (కరెంటును కాసేపు నిల్వ ఉంచే చిన్న డబ్బాల్లాంటి భాగాలు) ఉంటాయి. వాటి ఆయుష్షును తేల్చేది వేడి. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగానికి పడిపోతుందని, 10 తగ్గితే రెట్టింపవుతుందని ఎలక్ట్రానిక్స్‌లో లెక్క. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలు అని రాసున్న కెపాసిటర్ 95 డిగ్రీల్లో 4,000 గంటలు, 75 డిగ్రీల్లో 16,000 గంటలు పనిచేయాలి. గాలి ఆడని గది, ర్యాక్ పైఅరకు ఆనించి బిగించిన డ్రైవర్, దానికి మే నెల ఉక్కపోత తోడైతే లోపల ఎంత వేడి పుడుతుందో ఊహించండి. మీ ఎనిమిది నెలలు ఆ 4,000 గంటల లెక్కకు ఎంత దగ్గరగా ఉన్నాయో చూశారా!

బాగు చేయించే పని ఎలక్ట్రీషియన్‌కే అప్పగించండి. చౌక ప్యానెళ్లలో చిప్పుల పలక మీదకే నేరుగా కరెంటు వచ్చే రకాలున్నాయి. ప్లగ్ తీసేశాక కూడా కెపాసిటర్‌లో కాసేపు షాక్ కొట్టేంత కరెంటు నిలిచి ఉంటుంది. డ్రైవర్ విప్పించినప్పుడు కెపాసిటర్ పైమూత చూడమనండి. బల్లపరుపుగా ఉండాల్సింది ఉబ్బినా, చుట్టూ గోధుమరంగు జిగురు కారినా కారణం దొరికినట్టే. డ్రైవర్ బాగుండి చిప్పుల్లో ఒకదాని మీద నల్లచుక్క కనిపిస్తే అది కాలిపోయిందని అర్థం. వరుసంతా ఒకే తీగ మీద ఉంటుంది కాబట్టి ఒక చిప్పు తెగితే ఆ వరుస మొత్తం ఆరిపోతుంది. డ్రైవర్ మాత్రమే పోయుంటే కొత్తది వేయించుకోవచ్చు. పాతదాని మీదున్న మిల్లీ ఆంపియర్లు, అవుట్‌పుట్ వోల్టేజీ రెండూ కలవాలి. కొత్త డ్రైవర్‌ను ర్యాక్ బయట, గోడకు, గాలి తగిలే చోట బిగించండి. ఈ ఒక్క మార్పుతో దాని ఆయుష్షు ఎంతో పెరుగుతుంది.

ఇక కాంతి తగ్గిన లైటు సంగతి. దానికీ వేడి ఒక కారణం కావచ్చు. నర్సరీ కాబట్టి ఇంకొకటి అడగాలి: గులాబీలకు బూడిద తెగులు వస్తే గంధకం పొడి కొడతారు కదా, ఆ సంచులు అదే గదిలో ఉంటున్నాయా? చాలా రకాల చిప్పుల్లో కాంతిని పైకి తిప్పడానికి అడుగున పలచని వెండి పూత ఉంటుంది. గంధకం ఆవిరి తగిలితే వెండి నల్లబడుతుంది. చిప్పు బతికే ఉన్నా వెలుగులో కొంత ఆ నలుపులోనే ఆగిపోతుంది. చిప్పు మీది సిలికాన్ పొర గాలిని పూర్తిగా ఆపలేదు. ఆ సంచుల్ని ఇవాళే వేరే గదికి మార్చండి.

కాంతి తగ్గుదలను పట్టుకోవడానికి ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ చాలు. దాని అంకె కచ్చితం కాకపోయినా మనకు కావాల్సింది పోలిక. అదే ఫోన్‌ను అదే ట్రే మీద, అదే చోట పెట్టి నెలకోసారి అంకె రాసి పెట్టుకోండి. ముందు లైటు మీది దుమ్ము తుడవడం మరవద్దు.

ప్రశ్న: భీమవరంలో ఇంట్లోనే మైక్రోగ్రీన్స్ పెంచుతున్నాను. ‘1000 వాట్స్’ అని అమ్ముతున్న ప్యానెల్ చాలా చౌకగా వస్తోంది. తీసుకోవచ్చా?

జవాబు: అరచేతి మందాన, ఫ్యాను కూడా లేకుండా, చౌకగా దొరికే ప్యానెల్ 1,000 వాట్లు తీసుకోదు. చిప్పులు గరిష్ఠంగా తట్టుకునే వాట్లన్నీ కలిపి ఆ అంకె వేస్తారు. ప్లగ్గుకు పెట్టే వాట్ మీటర్‌తో చూస్తే చాలాసార్లు 100 దగ్గర తేలుతుంది. మీరు అడగాల్సింది ఒక జూల్‌కు ఎన్ని మైక్రోమోల్స్ అని. అంటే, తీసుకున్న కరెంటుకు మొక్కకు పనికొచ్చే కాంతి ఎంత ఇస్తుందన్న లెక్క. 2.5 ఆపైన ఉంటే మంచిది. 2 కన్నా తక్కువైతే కరెంటు బిల్లు రూపంలో ధర కడతారు. అసలు ఆ అంకే చెప్పని లైటును నేనైతే కొనను. డ్రైవర్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ముద్ర కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో అది నిజమైనదో కాదో చూసుకోవచ్చు.

మైక్రోగ్రీన్స్‌కు రోజూ 14 గంటలు 100 వాట్లు వేస్తే నెలకు 42 యూనిట్లు అవుతాయి. కొనేముందు ఈ లెక్క కూడా వేసుకోండి.

ప్రశ్న: మా ఊరు నరసాపురం దాటాక సముద్రం వైపు. ఐపీ65 లైటు కొన్నా కనెక్టర్లు పచ్చగా కిలుం పట్టాయి. ఎందుకు?

జవాబు: ఐపీ65 అంటే లోపలికి దుమ్ము పోదు, పైపుతో నీళ్లు చిమ్మినా తట్టుకుంటుంది. అంతవరకే. ఉప్పుగాలికి లోహం కిలుం పట్టదన్న హామీ అందులో లేదు. పైగా ఆ రేటింగ్ లైటుకే గానీ మీరు బయట కలిపిన ప్లగ్గుకు, జాయింటుకు వర్తించదు. జాయింట్లు విప్పి, శుభ్రం చేసి, సిలికాన్ గ్రీజు పూసి వాటర్‌ప్రూఫ్ కనెక్టర్లు వేయించండి. వైరు ప్లగ్గులోకి ఎక్కేముందు కాస్త కిందికి వేలాడేలా వదలండి. తేమ చుక్క అక్కడే జారిపోతుంది.

గాలివానకు కరెంటు పోయి వచ్చే ఊళ్లలో సర్జ్ ప్రొటెక్టర్ (ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీని అడ్డుకునే పరికరం) తప్పనిసరి. ఎర్తింగ్ సరిగా లేకపోతే దాని రక్షణ పూర్తిగా అందదు. ముందు ఎర్తింగ్ చూపించుకోండి.

ప్రశ్న: ఊదారంగు లైటు మంచిదా, తెల్లదా? (అమలాపురం నుంచి)

జవాబు: తెల్లదే తీసుకోండి. ఎరుపు, నీలం రెండూ తెల్లకాంతిలో ఉంటాయి. ఊదా వెలుగులో ఆకు మీది పసుపు మచ్చ, తెగులు కనిపించవు. కొద్దిపాటి నారు కోసమైతే మామూలు 20 వాట్ల తెల్ల ఎల్‌ఈడీ ట్యూబ్‌లైటును జానెడు ఎత్తులో వేలాడదీసినా సరిపోతుంది.