మూడేళ్ళు దాటిన మొక్కల అక్వేరియం ఎందుకు నీరసిస్తుంది?

మూడేళ్ళుగా పచ్చగా ఉన్న మీ తొట్టిలో ఈ వేసవి నుంచి కొత్త ఆకులు చిన్నవిగా, పాలిపోయి వస్తున్నాయనీ, అనుబియాస్ ఆకుల అంచుల వెంట నల్లని కుచ్చు నాచు పట్టిందనీ, తగ్గిన నీటిని ఎప్పటికప్పుడు బోరు నీటితో నింపుతూనే ఉన్నా ఫలితం లేదనీ రాశారు. అంతా తీసేసి మళ్ళీ మొదటి నుంచి కట్టుకోవాలా అని అడిగారు. తీసేయవద్దు. తగ్గిన నీటిని నింపడం వేరు, ఉన్న నీటిని మార్చడం వేరు. ఈ తేడా తెలియక నేను ఒక వేసవిలో నాలుగు చేపలనూ, గుత్తుల కొద్దీ మొక్కలనూ పోగొట్టుకున్నాను కనుక కాస్త వివరంగానే రాస్తున్నాను.

మేము హైదరాబాదులో కూకట్‌పల్లి వైపు ఉంటాము. మా తొట్టి మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. ఇసుకా రాళ్ళూ పోగా 160 లీటర్ల నీరు పడుతుంది. తొమ్మిదేళ్ళుగా నడుస్తోంది. వెనుక వాలిస్నేరియా, ముందు క్రిప్టోకోరైన్, చెక్కకు కట్టిన జావా ఫెర్న్, అనుబియాస్, వాటి మధ్య రోజీ బార్బులు, జీబ్రా డానియోలు అనే చిన్న చేపలు ఉంటాయి. మా బోరు నీటి టీడీఎస్, అంటే లీటరు నీటిలో కరిగిన లవణాల కొలత మిల్లీగ్రాముల్లో, 600 దగ్గర ఉంటుంది. బకెట్ల అంచుకు తెల్లని పొర పట్టే నీరు అది.

ఏప్రిల్, మే నెలల్లో తొట్టి నీరు 33 డిగ్రీలకు చేరితే అందులో నిలిచే ఆక్సిజన్ తగ్గుతుంది. అందుకని నీటి పైకి గాలి తగిలేలా చిన్న ఫ్యాను పెట్టేవాళ్ళం. రెండు మూడు డిగ్రీలు దిగేది కానీ వారానికి 16 లీటర్ల దాకా ఆవిరయ్యేది. ఆవిరయ్యేది నీరు మాత్రమే, అందులోని లవణాలు కావు. ఆ 16 లీటర్లనూ బోరు నీటితో నింపితే లీటరుకు 600 మిల్లీగ్రాముల లెక్కన వారానికి 9.6 గ్రాముల లవణాలు కొత్తగా చేరతాయి, అంటే తొట్టి టీడీఎస్ వారానికి 60 చొప్పున పెరుగుతుంది. నీరు అద్దంలా తేటగానే ఉంటుంది, చేపలు తింటూనే ఉంటాయి, కనుక ఎవరికీ అనుమానం రాదు. నేను ఐదో ఏట టీడీఎస్ మీటరు కొని ముంచి చూసేసరికి 1,480 చూపించింది.

అప్పుడు నేను చేసిన పని మీరు చేయకూడదు. భయపడి ఒకే సాయంత్రం నీటిలో ముప్పాతిక వంతుకు పైగా తీసేసి ఆర్వో నీరు, అంటే ఫిల్టరుతో లవణాలను దాదాపుగా తీసేసిన నీరు, పోశాను. నెలల తరబడి చిక్కటి నీటికి అలవాటు పడిన చేప ఒంట్లోకి పలచని నీరు ఒక్కసారిగా చొరబడుతుంది. దాన్ని బయటికి పంపడం దానికి శక్తికి మించిన పని. మర్నాటికి పదకొండు రోజీ బార్బుల్లో నాలుగు చనిపోయాయి. మూడో రోజుకు క్రిప్టోకోరైన్ ఆకులు గాజులా పారదర్శకంగా మారి, వేలు తగిలితే ఉడికిన తోటకూరలా విడిపోయాయి. చచ్చిపోయాయనుకొని సగం మొక్కలను వేళ్ళతో సహా పీకి పారేశాను. ఓపిక లేక వదిలేసిన మిగతా సగం నాలుగు వారాలకు గోరంత ఎర్రని చిగుళ్ళు వేసింది. ఆ మొక్క నీటిలో మార్పుకు ఆకులు రాల్చుతుంది కానీ వేరు బతికే ఉంటుందని అప్పటికి నాకు తెలియదు. మీ తొట్టిలోనూ ఆకులు కరిగితే కుళ్ళిన ఆకును మాత్రమే కత్తిరించి, వేరును కదపకండి.

ఇప్పుడు నేను రెండు రకాల నీటిని రెండు పనులకు వాడుతున్నాను. ఆవిరైన మేరకు ఆర్వో నీరు మాత్రమే పోస్తాను. ప్రతి ఆదివారం 48 లీటర్లు, అంటే 16 లీటర్ల బకెట్లు మూడు, పైపుతో లాగేసి, సగం బోరు నీరు, సగం ఆర్వో నీరు కలిపి నింపుతాను. ఆ మిశ్రమం 320 దగ్గర ఉంటుంది, తొట్టి ఏడాది పొడవునా 400 లోపే నిలుస్తుంది. మీరు మాత్రం వెంటనే ఇంత మార్చకండి. వారానికి 15 శాతం చొప్పున ఈ మిశ్రమంతో మారుస్తూ పోతే 1,400 ఉన్న తొట్టి ఎనిమిది వారాలకు 600 దగ్గరికి దిగుతుంది. మునిసిపల్ నీరు వచ్చే ఇంట్లో ఈ తంటా తక్కువే కానీ, క్లోరిన్ విరుగుడుకు సోడియం థయోసల్ఫేట్ చుక్కలు తప్పనిసరి.

ఇది చదివి పూర్తిగా ఆర్వో నీటికి మారిపోవద్దని మరీ మరీ చెబుతున్నాను. చేపల విసర్జన నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బాక్టీరియా ఆ క్రమంలో ఆమ్లాన్ని పుట్టిస్తుంది; దాన్ని ఎప్పటికప్పుడు విరిచేది నీటిలోని కార్బొనేట్లే. ఆర్వో నీటిలో అవి దాదాపు ఉండవు కనుక పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; ఆమ్లం పెరిగితే ఇది తగ్గుతుంది) నెలల మీద మెల్లగా పడిపోయి, 6 కంటే దిగాక బాక్టీరియా పని మందగిస్తుంది. మా మిత్రుడొకరి తొట్టిలో ఇదే జరిగింది. ఆమ్ల నీటిలో పోగైన అమ్మోనియా చాలావరకు హాని చేయని అమ్మోనియం రూపంలో ఉండిపోయింది. ఒక రోజు ఆయన బోరు నీరు పోయగానే పీహెచ్ లేచి, అదంతా విషమై, తెల్లారేసరికి చేపలు నీటి పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి.

ఇక ఆకుల సంగతి. కొత్త ఆకులు పాలిపోయి, పాతవి పచ్చగా ఉంటే అది ఇనుము లోపం. పాత ఆకులు ముందు పసుపెక్కితే నత్రజని లోపం. వాటికి సూది గుచ్చినట్టు రంధ్రాలు పడితే చాలాసార్లు పొటాషియం లోపం. మీరు చెప్పినది మొదటిదానిలాగే ఉంది. కఠిన జలంలో పీహెచ్ 7 దాటి ఉంటుంది కనుక ఈడీటీఏ అనే రసాయనంతో కట్టిన ఇనుము త్వరగా విడిపోయి మొక్కకు అందకుండా పోతుంది. డీటీపీఏ అనే రసాయనంతో కట్టినది అడిగి కొనండి. నత్రజనికీ పొటాషియానికీ ఎరువుల దుకాణంలో దొరికే 13-0-45, అంటే పొటాషియం నైట్రేటు, చక్కగా సరిపోతుంది. 160 లీటర్లలో ఒక గ్రాము కలిపితే నైట్రేటు సుమారు 4 పీపీఎం (లీటరుకు 4 మిల్లీగ్రాములు) పెరుగుతుంది. క్రిప్టోకోరైన్ ఎక్కువగా వేళ్ళతోనే తింటుంది. మూడేళ్ళలో అడుగు మట్టి సారం ఖర్చయి ఉంటుంది కనుక మూడు నాలుగు నెలలకొకసారి ఎరువు బిళ్ళను వేళ్ళ పక్కన రెండంగుళాల లోతుకు నొక్కాలి.

నల్లని కుచ్చు నాచు బాగా పట్టిన అనుబియాస్ ఆకులను మొదలంటా కత్తిరించండి. కొద్దిగా పట్టిన వాటికి, నీరు మార్చే రోజున మట్టం దిగి ఆకు బయటపడినప్పుడు, మందుల దుకాణంలో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడును కుంచెతో పూసి, రెండు మూడు నిమిషాలు ఆగి నీరు నింపండి. కొద్ది రోజుల్లో నాచు గులాబీ రంగుకు తిరిగి, తర్వాత తెల్లబడి రాలిపోతుంది. వాలిస్నేరియాకు, జావా మాస్ లాంటి పాకుడు మొక్కలకు మాత్రం తగలనివ్వకండి, అవి తట్టుకోలేవు. దీపం రోజుకు ఏడు గంటలకు మించి వెలగకుండా టైమరు పెట్టండి.

ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద కాకుండా తొట్టి నుంచి తీసిన నీటిలోనే పిండాలి. గాలివాన వచ్చి కరెంటు చాలా గంటలు పోతే, అది రాగానే ఫిల్టరు వేయకండి. మూసి ఉన్న ఫిల్టరు డబ్బాలో ఆక్సిజన్ అయిపోయి కుళ్ళిన నీరంతా తొట్టిలోకి వస్తుంది. ముందు ఆ నీటిని పారబోసి, స్పాంజిని కడిగి, ఆ తర్వాత వేయాలి.

తొట్టిని విప్పవలసిన సందర్భం నాకు తెలిసి ఒక్కటే. ఇసుకలో వేలు గుచ్చితే బుడగలు రావడం మామూలే. కానీ వాటికి కుళ్ళిన గుడ్డు వాసన ఉండి, పీకి చూసిన మొక్క వేళ్ళు నల్లగా మెత్తబడి ఉంటే అడుగు పాడైనట్టే. అప్పుడు కూడా ఒక్కసారే కాకుండా, చేపలను వేరే తొట్టిలోకి మార్చి, నెలకొక మూడో వంతు చొప్పున అడుగును తీసి కొత్తది పరచండి.