కర్టెన్లు, సోఫా బట్టలు త్వరగా పాడవకుండా ఏం చేయాలి?

ఉతుకు కన్నా ముందు బట్టను పాడు చేసేవి ఎండ, దుమ్ము. అతినీలలోహిత కిరణాలు రంగుతో పాటు దారాన్నీ బలహీనం చేస్తాయి. పట్టు కర్టెన్లకైతే వెనక కాటన్ లైనింగ్ తప్పనిసరి. దుమ్ములోని ఇసుక రేణువులు మనం కూర్చున్నప్పుడల్లా పోగుల్ని ఒరుస్తాయి. అందుకే సోఫాకు వారానికోసారి మెత్తని బ్రష్ తగిలించిన వాక్యూమ్ పెట్టండి, కుషన్లు తిప్పి వేయండి.

ఏదైనా ఒలికితే దయచేసి రుద్దొద్దు. మరక లోపలికి దిగుతుంది, నూలు రేగుతుంది. తెల్లని పొడిగుడ్డతో అంచు నుంచి మధ్యకు అద్దండి. తడి తగిలించే ముందు సోఫా లేబుల్ చూడండి: ‘డబ్ల్యూ’ అంటే నీళ్లతో చేయొచ్చు, ‘ఎస్’ అంటే సాల్వెంట్ (నీళ్లు లేని డ్రైక్లీనింగ్ ద్రవం) మాత్రమే, ‘ఎక్స్’ అంటే వాక్యూమ్ ఒక్కటే.

ఉతకదగ్గ కాటన్ కర్టెన్లను హుక్కులు తీసి 30 డిగ్రీల నీళ్లలో ఉతికి, కాస్త చెమ్మగా ఉండగానే తగిలిస్తే సొంత బరువుకే చాలా ముడతలు పోతాయి.